బెయిలు కానుక

సెప్టెంబర్ 17, బుధవారం

ఈ రోజు విల్మెర్ వాక్యం చెప్పాడు. మధ్యలో వచనం మరిచిపోయి తల గోక్కున్నాడు. వెనక వరుసలోంచి ఎవరో అందించారు. అందరూ నవ్వారు, అతనూ నవ్వాడు. ఆ తరవాత అందరూ ఏడ్చారు. తల గోక్కునేవాడి వాక్యానికి ఇంతమంది ఎలా ఏడుస్తారో నాకు అర్థం కాదు ప్రభువా.

నాకు పెళ్లయ్యేదాకా అక్షరం ముక్క రాదు. నీ గ్రంథం ముందు పెట్టుకుని, అక్షరాల కింద వేలు కదుపుతూ, నాకు నేనే చదువు నేర్చుకున్నాను. కోళ్ల ఫ్యాక్టరీ చలిగదిలో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతూ ప్రవక్తలందరినీ కంఠస్థం చేశాను. ఇవాళ ఏ అధ్యాయం అడిగినా పుస్తకం తెరవకుండా చెబుతాను. విల్మెర్ ఇళ్లకు కప్పులు వేసే పనివాడు. నిన్నగాక మొన్న వచ్చాడు సంఘంలోకి. గిటారు పట్టుకుంటాడు, పళ్లన్నీ కనపడేలా నవ్వుతాడు. అంతే.

ఆరాధన అయ్యాక పాస్టరు ఫిదెన్సియో గారు అతని భుజం మీద చెయ్యి వేసి చాలాసేపు నిలబడ్డారు. నా భుజం మీద ఆయన చెయ్యి ఎప్పుడు వేశారా అని ఇంటికొచ్చే దారంతా ఆలోచించాను. వేశారు. ఆయన మోకాలి ఆపరేషన్ అయ్యాక, మెట్లు దిగడానికి.

ఇది అసూయ కాదు. సంఘం గురించిన దిగులు.

సెప్టెంబర్ 18, గురువారం

సౌలు రాజు అసూయతో దావీదు మీద ఈటె విసిరాడు. నేను ఎవరి మీదా ఏమీ విసరలేదు.

సెప్టెంబర్ 21, ఆదివారం

పాస్టరు గారు లేచి, డాక్టర్లు తనను ఇక ఎక్కువసేపు నిలబడవద్దన్నారని చెప్పారు. వచ్చే ఆదివారం సంఘం వార్షికోత్సవానికి విల్మెర్ వాక్యం చెబుతాడన్నారు. ఆ తరవాత పీఠం ఎవరిదో ప్రభువే చూపిస్తాడన్నారు. ప్రభువు ఇంకా ఏమీ చూపించకముందే అందరూ విల్మెర్ వైపు చూశారు.

ఆరాధన అయ్యాక అందరినీ ఇళ్లకు దింపింది ఎవరు? నేను. ఇక్కడి పోలీసు పెద్ద షెరీఫ్, వలసదారులను పట్టే ఫెడరల్ వాళ్లతో ఒప్పందం మీద సంతకం పెట్టిన దగ్గర్నుంచి లైసెన్సు లేకుండా స్టీరింగ్ పట్టుకుంటే జరిమానాతో పోవడం లేదు. కౌంటీ జైలు, అక్కడ వేలిముద్రలు, ఆ ముద్రలు ఫెడరల్ వాళ్ల దగ్గరికి. అందుకే సంఘంలో కట్టుబాటు పెట్టుకున్నాం, ఈ దేశంలో ఉండటానికి కాగితాలున్నవాళ్లే బండి నడపాలని. నాకు గ్రీన్ కార్డు ఉంది, లైసెన్సు ఉంది, వ్యాను ఉంది. విల్మెర్‌కి గిటారు ఉంది. నా వెనక సీట్లోనే కూర్చుని తను కట్టిన పాట ఎత్తుకున్నాడు. వ్యానంతా అతనితో పాడింది. బండి నడిపేవాడు ఒకడున్నాడని దిగేటప్పుడు గుర్తొచ్చింది వాళ్లకి.

ఇంట్లో నా భార్య ఒతిలియా రొట్టెలు తడుతూ కూనిరాగం తీస్తోంది. ఏ పాట అది అన్నాను. ఏ పాటా కాదయ్యా అంది.

అదే పాట.

సెప్టెంబర్ 23, మంగళవారం

విల్మెర్‌ని పట్టుకున్నారు.

మా సంఘంలోని సొయిలా చిన్న కొడుకుకి మధ్యాహ్నం మూర్ఛ వచ్చింది. ఆమె విల్మెర్‌కి ఫోన్ చేసింది. అతను కప్పు మీదనుంచి దిగి, మేస్త్రీ ట్రక్కు తీసుకుని, పిల్లాణ్ణి వేసుకుని ఆస్పత్రికి బయల్దేరాడు. ఫ్యాక్టరీ మలుపు దగ్గర షెరీఫ్ మనుషులు బండ్లు ఆపుతున్నారు. పక్క సందులో తిరిగి పోవచ్చు. పోలేదు. తిన్నగా వాళ్ల దగ్గరికే వెళ్లి, కిటికీ దించి, పిల్లాణ్ణి చూపించి అంబులెన్సు పిలవమన్నాడట. పిలిచారు. పిల్లాడు బతికాడు. ఆ తరవాత లైసెన్సు అడిగారు.

నాకు సెలవు ఇవాళ. ఇంట్లోనే ఉన్నాను. వ్యాను వాకిట్లోనే ఉంది. టాంకు నిండా పెట్రోలు ఉంది.

నన్ను పిలవలేదు.

సెప్టెంబర్ 24, బుధవారం

విల్మెర్ కోసం ఉపవాస ప్రార్థన పెట్టాం. నేనే నడిపించాను. గొంతు పోయేదాకా ప్రార్థించాను. పది మంది ఒక్కసారిగా ప్రార్థిస్తున్నా నా గొంతు విడిగా వినపడుతుంది, అది నువ్వు నాకిచ్చిన వరం. కానీ వాళ్లు ఏడుస్తోంది నా గొంతుకి కాదు, అతని పేరుకి.

తరవాత సొయిలాని పక్కకి పిలిచి అడిగాను. కోపంగా అడగలేదు.

"నన్ను పిలవొచ్చు కదా అమ్మా. మీ వీధి చివరే కదా నా ఇల్లు."

ఆమె కాసేపు చెప్పులవైపు చూసింది. "పిలుద్దామనే అనుకున్నా అన్నా. పిల్లాడు వంకర్లు తిరిగిపోతున్నాడు. నువ్వొస్తే ముందు మోకాళ్ల మీద ప్రార్థన అంటావు. తరవాత ఏ పాపానికి ఇలా అయిందో చూడాలంటావు. బండి ఎప్పటికి కదులుతుందన్నా మరి."

కానుకల లెక్కలు చూసే బౌదిలియో పక్కనే ఉన్నాడు. దగ్గినట్టు చేసి నవ్వు మింగాడు.

మోకాళ్ల మీద ప్రార్థన చెయ్యడం తప్పా? ఎవరైనా తప్పంటారా?

సెప్టెంబర్ 25, గురువారం

విల్మెర్ భార్య డెల్మిని తీసుకుని జైలుకి వెళ్లాను. ఆమెకూ కాగితాలు లేవు, లోపలికి రాకూడదు. వ్యాను ఎదురుగా ఉన్న టైర్ల షాపు ముందు పెట్టి, ఆమెను అందులోనే కూర్చోబెట్టి నేనొక్కణ్ణే వెళ్లాను. కిటికీ దగ్గర కూర్చున్నావిడ మర్యాదగానే మాట్లాడింది. జడ్జి బెయిలు ఇచ్చాడని, కట్టుకోవచ్చని, అయితే ఫెడరల్ వాళ్లు కూడా అతన్ని తమకు అట్టిపెట్టమని కాగితం పంపారని చెప్పింది. ఆ కాగితం సంగతి డెల్మికి చెప్పలేదు. కడుపుతో ఉన్న పిల్ల, ఊరికే భయపెట్టడం ఎందుకు? వలస కేసులు చూసే ఒక లాయరమ్మ నంబరు ఫ్యాక్టరీ మిత్రుడొకడు ఇచ్చాడు. ఫోన్ చేసి మాట్లాడాను, నాకే ఇంగ్లీషు వచ్చు కాబట్టి.

విల్మెర్ జైలు వీడియో తెర మీద కనిపించాడు. గడ్డం పెరిగింది. బాగానే ఉన్నానన్నాడు. లోపల గిటారు లేదు కాబట్టి బల్ల మీద దరువేస్తూ పాడుతున్నాడట. మెడ నిండా పచ్చబొట్లున్న ఒకతను నిన్న మోకాళ్లూని ఏడ్చాడట.

"నువ్వుండాల్సింది అన్నా," అన్నాడు. "వచనాలు అడుగుతున్నారు, నాకేమో సగమే గుర్తుంటాయి. నువ్వైతే గడగడా చెప్పేసేవాడివి."

గొలుసుల్లో పాడిన అపొస్తలుల గురించి నేను ఎన్నిసార్లు చెప్పి ఉంటాను. చెప్పడానికి నేను, పాడటానికి అతను.

సెప్టెంబర్ 26, శుక్రవారం

గ్రీన్ కార్డు ఉన్నవాడికి నీ కోసం బాధలు పడే హతసాక్షి భాగ్యం లేదు.

సెప్టెంబర్ 28, ఆదివారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున కోటు తొడుక్కుంటుంటే లాయరమ్మ మిస్ ప్రూయిట్ ఫోన్ చేసింది. డెల్మి ఫోన్ ఎత్తడం లేదట. ఫ్యాక్టరీ షిఫ్టులో ఉంది, అక్కడ ఫోన్లు లాకర్లో పెట్టించేస్తారు. ఒతిలియా అక్కడే చిక్కుళ్లు కలుపుతోంది. ఆమెకు ఇంగ్లీషు రాదు.

లాయరమ్మ నిదానంగా, ఒక్కో మాట విడదీసి చెప్పింది. "బెయిలు కట్టకండి నికనోర్ గారూ. కడితే కౌంటీ వాళ్లు అతన్ని వదిలేస్తారు, నిజమే. కానీ వీధిలోకి కాదు, ఫెడరల్ వాళ్ల చేతికి. కట్టిన దగ్గర్నుంచి వాళ్లకు రెండు రోజులు గడువు, వచ్చి పట్టుకుపోతారు. కట్టనంత కాలం అతను ఇక్కడే ఉంటాడు. ఆ కాగితం వెనక్కి తీయించడానికి నాకు దారి దొరికింది, శుక్రవారం దాకా ఆగండి. ఇవాళ చర్చిలో అందరికీ చెప్పండి. మీవాళ్లు ప్రేమకొద్దీ చందాలేసుకుని కట్టేస్తారు. పోయిన నెల ఇంకో సంఘం అలాగే చేసింది."

చెబుతానమ్మా అన్నాను. చెప్పాలనే అనుకున్నాను కూడా. రాసి పెడుతున్నాను, చెప్పాలనే అనుకున్నాను.

సాయంత్రం గుడి నిండిపోయింది. పక్క కౌంటీ సంఘాలు కూడా వచ్చాయి. విల్మెర్ చెప్పాల్సిన వాక్యం నన్ను చెప్పమన్నారు పాస్టరు గారు. అతని బదులు. ఆ మాట సభలో కూడా అన్నారు, మన విల్మెర్ బదులు అని. చివరి ప్రార్థనకు ముందు లాయరమ్మ సంగతి ప్రకటిద్దామనుకుని పీఠం ఎక్కాను.

చెరసాలలో ఉన్న పేతురు గురించి చెప్పాను. సంఘం అతని కోసం ఎడతెగక ప్రార్థించడం, గొలుసులు ఊడిపడటం, ఇనుప తలుపు దానంతట అదే తెరుచుకోవడం. ఎప్పుడూ చెప్పేదే. కానీ ఇవాళ నోరు తెరిచేసరికి వేరే గొంతు వచ్చింది. నా వెంట్రుకలు నాకే నిక్కబొడుచుకున్నాయి. మాట ఆపితే గుడిలో చంటిపిల్లల ఊపిరి వినపడుతోంది. నేను తల గోక్కోలేదు, ఎవరూ నవ్వలేదు. ఇనుప తలుపు అన్నాను. వెనక వరుస లేచి నిలబడింది. మన ఊళ్లో ఒక ఇనుప తలుపు ఉంది అన్నాను. మొత్తం లేచింది. ఫ్యాక్టరీలో నాతో పనిచేసే మగవాళ్లు, నేను మాట్లాడితే గోడ గడియారం చూసేవాళ్లు, చేతులెత్తి ఏడ్చారు. నాకు ఏడ్చారు. నా మాటకు.

అప్పుడు సొయిలా నడుచుకుంటూ ముందుకొచ్చి, చెవి కమ్మలు తీసి పీఠం మెట్టు మీద పెట్టింది. వెనకే ఒకతను జేబులోంచి వారం జీతం కవరు తీసి పెట్టాడు. ఆ తరవాత వరస కట్టారు. బెయిలు అని నేననలేదు. ఎవరన్నారో తెలియదు. గుడంతా ఆ మాటే అయింది. డెల్మి షిఫ్టు బట్టల్లోనే వచ్చి నా చేతులు పట్టుకుని ముద్దు పెట్టుకుంది.

ఆ నిమిషంలో మైకు పట్టుకుని ఏమని చెప్పను? ఆగండి, తీసుకోండి మీ కమ్మలు, లాయరమ్మ వద్దంది అనా? అది పరిశుద్ధాత్మను ఆర్పడం కాదా? రేపు పొద్దున చెప్పొచ్చు అనుకున్నాను. ఆదివారం జైలు కిటికీ మూసి ఉంటుంది కదా అనుకున్నాను.

పాస్టరు గారు లేచి వచ్చి నా భుజం మీద చెయ్యి వేశారు. మెట్లు దిగడానికి కాదు.

నేను వ్యాను దగ్గరికి వచ్చేసరికి బౌదిలియో డబ్బు తీసుకుని వెళ్లిపోయాడు. అతనికి పౌరసత్వం ఉంది, తిన్నగా జైలుకి వెళ్లి కట్టేశాడట.

ఆ కిటికీ ఆదివారం తెరిచి ఉంటుందని నాకు తెలియదు.

సెప్టెంబర్ 29, సోమవారం

తెలుసు. పోయిన ఏడాది బౌదిలియో అల్లుణ్ణి ఆదివారమే కదా విడిపించుకొచ్చాం. వ్యాను నడిపింది నేనే.

ఇవాళ పని మానేసి సగం సంఘం టైర్ల షాపు ముందు నిలబడింది. ఒతిలియా ఆకుల్లో చుట్టి ఉడికించిన తమాలులు, మొక్కజొన్న జావ తెచ్చింది. ఎవరో బెలూన్లు కూడా కట్టారు. విల్మెర్ బయటికొస్తే ఎత్తుకోవాలని కుర్రాళ్లు వంతులేసుకున్నారు. ఎవరెవరో బయటికి వచ్చారు, అతను రాలేదు. జావ చల్లారిపోయింది. మధ్యాహ్నం బౌదిలియో వెళ్లి అడిగి వచ్చాడు. మొహం పాలిపోయింది.

"బెయిలు కట్టేశారు కాబట్టి మా పని అయిపోయిందంటున్నారు. ఇక మీవాడు మావాడు కాడు, ఫెడరల్ వాళ్లవాడు, వాళ్ల బండి కోసం చూస్తున్నాం అంటున్నారు. అంటే ఏంటన్నా? డబ్బు కట్టింది మనం కదా."

నాకూ అర్థం కాలేదన్నట్టు తల ఊపాను.

సెప్టెంబర్ 30, మంగళవారం

లాయరమ్మ ఫోన్లు. ఎత్తలేదు.

అక్టోబర్ 1, బుధవారం

నిన్న సాయంత్రం తెల్ల వ్యాను వచ్చి విల్మెర్‌ని వెనక గేటు నుంచి తీసుకుపోయింది. దక్షిణాన, రాష్ట్రం చివర, ఫెడరల్ వాళ్ల నిర్బంధ కేంద్రానికి. లాయరమ్మ చివరికి డెల్మినే ఫోన్‌లో పట్టుకుంది. అక్కడి జడ్జి దగ్గర తను అనుకున్న దారి పనికిరాదందట.

డెల్మి మా ఇంటికి వచ్చింది. ఏడుపు లేదు, అలిసిపోయింది. "బెయిలు కట్టొద్దని చెప్పమన్నానే అందన్నా ఆమె. ఎవరికి చెప్పిందో ఏమో, ఆమె ఇంగ్లీషు నాకు సగమే అర్థమవుతుంది. నీకేమన్నా ఫోన్ చేసిందా?"

ఆదివారం ఫోన్‌లో చార్జింగ్ లేదమ్మా అన్నాను.

ఒతిలియా పొయ్యి దగ్గర నిలబడి ఉంది. డెల్మి వెళ్లిపోయింది. తరవాత గిన్నె తోముతూ అడిగింది. "ఆదివారం పొద్దున నువ్వు చెబుతానమ్మా చెబుతానమ్మా అన్నావే. ఏం చెబుతానన్నావు?"

ప్రార్థించమని చెబుతానన్నాను అన్నాను.

"ఓహో," అంది.

అప్పటినుంచి కూనిరాగం కూడా లేదు.

అక్టోబర్ 2, గురువారం

అది ప్రభువు చిత్తం కావచ్చు. యోసేపును అన్నలు అమ్మేశారు, అందువల్లే కదా కరువులో అందరూ బతికారు.

అక్టోబర్ 3, శుక్రవారం

నిన్న రాసింది చదివాను. అందులో అన్నల పక్షాన నిలబడి మాట్లాడుతున్నాను.

అక్టోబర్ 5, ఆదివారం

పీఠం నాకిచ్చారు. పాస్టరు గారు సంఘం ముందే నా తలకు నూనె రాసి ప్రార్థించారు. ఇన్నేళ్లు దీని కోసమే చూశాను.

వాక్యం చెప్పాను. మాటలన్నీ వరసగా వచ్చాయి, ఒక్కటీ మరిచిపోలేదు. ఒకతను గోడ గడియారం చూశాడు.

సొయిలా చెవులు బోసిగా ఉన్నాయి.

అక్టోబర్ 11, శనివారం

నిన్న డెల్మి ఫోన్ చేసింది. అన్నా, రేపు నన్ను ఆ కేంద్రం దాకా తీసుకెళ్తావా అంది. నన్ను పిలిచారు. బండి కావాలని ఒకరు ముందుగా నన్నే పిలవడం ఇదే మొదటిసారి.

పత్తి పొలాలు దాటుకుంటూ పొద్దుటి పూటంతా ప్రయాణం. డెల్మి గేటు దాకా కూడా రాకూడదు కాబట్టి ముందే ఒక పెట్రోలు బంకు దగ్గర దింపాను. అతనికి చెప్పమని చాలా చెప్పింది. బిడ్డ కదులుతోందట. గోరువెచ్చని తమాలులు ఇచ్చింది. అవి లోపలికి రానివ్వరని తెలిసీ ఇచ్చింది.

అద్దానికి అటు పక్క విల్మెర్. బాగా చిక్కాడు. ఫోన్ తీశాడు, నవ్వాడు, పళ్లన్నీ కనపడ్డాయి. పీఠం వచ్చిందటగా, సంతోషం అన్నాడు. ఆ తరవాత అన్నాడు, "ఎవరో రికార్డు చేసిన నీ వార్షికోత్సవం వాక్యం డెల్మి ఫోన్‌లో వినిపించింది. మా గదిలో అందరికీ చెప్పాను. ఇనుప తలుపు దగ్గర నాకు ఒళ్లు జలదరించింది. అలాంటిది నా జన్మలో చెప్పలేనన్నా. నీకు ఈ మాట ఎప్పుడో చెప్పాల్సింది. నువ్వు చదివినంత నేను చదవలేదని నాకు సిగ్గు. అందుకే నీ ముందు నవ్వుతూ కూర్చునేవాణ్ణి."

ఎదురుచూసిన మాట అది. అతని నోటి నుంచే వినాలనుకున్న మాట.

చెప్పేశాను. లాయరమ్మ ఫోన్, పొద్దున, కోటు తొడుక్కుంటూ. కమ్మలు. రేపు చెబుదామనుకోవడం. కిటికీ ఆదివారం తెరిచి ఉంటుందని తెలిసీ తెలియనట్టుండటం. వచనం ఒక్కటి కూడా వాడలేదు.

అతను తల గోక్కున్నాడు. వచనం మరిచిపోయినప్పుడు గోక్కున్నట్టే. అందించడానికి వెనక ఎవరూ లేరు. చేతిలో ఫోన్ కిందికి జారింది, మళ్లీ చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"బుధవారం మా దేశానికి విమానం ఎక్కిస్తున్నారు అన్నా. వెళ్లిపోతానని సంతకం పెట్టేశాను. డెల్మికి చెప్పకు."

"ఆమె కాళ్ల మీద పడతాను."

"వద్దు. ఇంటికి నీ బండిలోనే కదా చేరాలి. ఆస్పత్రికైనా నీ బండిలోనే వెళ్లాలి. ఇప్పుడు చెబితే నీ మనసు తేలికవుతుంది, ఆమెకు మాత్రం బండి ఉండదు. కాన్పయ్యాక చెప్పు. అప్పుడు తిట్టుకుంటుంది, నేనూ అక్కడినుంచి తిట్టుకుంటాను. అప్పటిదాకా నడుపు."

ఆ మాటకి నా మనసులోకి ఏం వచ్చిందో ఇక్కడ రాసుకోవాలి, లేకపోతే ఈ పుస్తకం ఎందుకు. పశ్చాత్తాపం తరవాత వచ్చింది. ముందు వచ్చింది పాతదే. ఇది కూడా నాకంటే బాగా చెప్పాడే అనిపించింది.

బంకు దగ్గర డెల్మి గట్టు మీద కూర్చుని ఉంది. ఎక్కుతూనే అడిగింది. "ఏమన్నాడన్నా?"

"జాగ్రత్తగా నడపమన్నాడు."

దారిలో ప్రార్థన పెట్టలేదు, వాక్యం చెప్పలేదు. పత్తి పొలాలు దాటాక డెల్మి కడుపు మీద చెయ్యి వేసుకుని మెల్లగా అతని పాట ఎత్తుకుంది. రెండో చరణం దగ్గర ఆపేసింది. ఆమె నా వైపు చూసింది, అందుకోమన్నట్టు.

ప్రవక్తలందరూ నాకు కంఠస్థం. ఆ పాట నా వ్యానులోనే, నా వీపు వెనకే, ప్రతి ఆదివారం విన్నాను. ఒక్క చరణం కూడా నాకు రాదు.